పాత ఎంఎం540 జీపుకు ఏ డీజిల్ ఇంజన్ వేయించడం మేలు?

ప్రశ్న: దేవరకొండ రైతు

సభ్యులందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా నాన్నగారు కొన్న మహీంద్రా ఎంఎం540 ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. బాడీ, ఛాసిస్ గట్టిగానే ఉన్నాయి కానీ ఇంజన్ పని అయిపోయింది. పొద్దున హీటర్ ప్లగ్గులు ఎంతసేపు పట్టుకున్నా ఒక పట్టాన అందుకోదు, నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి పొగ గుప్పుగుప్పుమని కొడుతుంది, మన్ననూరు దాటి నల్లమల ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతను తాకుతుంది.

వానకాలంలో మా బావి దగ్గరికి పోయే రేగడి బాటలో వేరే ఏ బండీ నడవదు కాబట్టి జీపును అమ్మే ఆలోచన లేదు. ఎరువు బస్తాలు, మోటార్లు, పైపులు దీంట్లోనే తెస్తాము, అప్పుడప్పుడు హైదరాబాదు కూడా పోయి వస్తాము. ఒక మెకానిక్ పాత ఇంజన్‌నే బోరు చేయించమంటున్నాడు (సిలిండర్లు తొలిపించి బాగుచేయించమని), ఇంకొకరు బొలెరో డీఐ (నేరుగా సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే) ఇంజన్ వేయమంటున్నారు, మా తమ్ముడు మాత్రం థార్ సీఆర్‌డీఈ (కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే) ఇంజన్ కావాలని పట్టుబడుతున్నాడు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

జవాబు: కల్వకుర్తి వర్క్‌షాప్

అన్నగారికి నమస్కారం. ఏ ఇంజన్ అన్న ప్రశ్నకు ముందు మీ జీపు యాక్సిల్‌లో ఉన్న క్రౌన్ పినియన్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క) ఎంతో తెలియాలి. హార్స్ పవర్ మాత్రమే చూసి ఇంజన్ వేయించుకున్నవారు, పని పూర్తయ్యాక బండి రోడ్డు మీద అరుస్తున్నదే తప్ప ముందుకు పోవడం లేదని బాధపడటం నేను చాలాసార్లు చూశాను.

మీ బండిలో కంపెనీ వేసినది ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 ఇంజన్. అది 2112 సీసీ, సుమారు 62 హార్స్ పవర్ ఇస్తుంది, చుట్లు బాగా తిరిగే స్వభావం కలది. థార్ డీఐలో వచ్చిన 2523 సీసీ ఇంజన్ కూడా చెప్పుకోవడానికి 63 హార్స్ పవరే, కానీ ఆ శక్తి నిమిషానికి 3200 చుట్లకే వచ్చేస్తుంది, 182.5 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) 1500 నుంచి 1800 చుట్ల మధ్యనే దొరుకుతుంది. బరువు లాగడానికీ, బురదలో నెమ్మదిగా కదలడానికీ దానికి మించినది లేదు. అయితే 5.38 నిష్పత్తి ఉన్న యాక్సిల్‌తో, టాప్ గేర్ డైరెక్ట్ అయి (ఇంజన్, షాఫ్ట్ సమానంగా తిరుగుతూ), టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకుంటే, 3200 చుట్ల దగ్గర వేగం గంటకు 79 కిలోమీటర్లు దాటదు. అదే 4.88 ఉంటే 87, 4.27 ఉంటే 99 వరకు వస్తుంది. ఇంజన్‌కు ఇబ్బంది లేకుండా 2200 చుట్ల మీద నడుపుకుంటే 5.38తో మీకు దక్కేది 54 మాత్రమే. పొలానికి అది చాలు, హైదరాబాదు ప్రయాణానికి మాత్రం సహనపరీక్ష అవుతుంది.

నిష్పత్తి తెలుసుకోవడానికి యాక్సిల్ విప్పనక్కరలేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనుక ఒక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపండి, నేల మీద ఉన్న చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. టైరు మీదా, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదా సుద్దముక్కతో గీతలు గీసి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే మీ నిష్పత్తి.

క్రౌన్ పినియన్ మార్చదలిస్తే ముందు యాక్సిల్‌లోనూ, వెనుక యాక్సిల్‌లోనూ ఒకే నిష్పత్తి వేయించాలి. వెనుకది మాత్రమే మార్చి ఫోర్ వీల్ వేస్తే రెండు యాక్సిళ్లు ఒకదానితో ఒకటి పోట్లాడి ట్రాన్స్‌ఫర్ కేస్‌ను (ఇంజన్ బలాన్ని రెండు యాక్సిళ్లకూ పంచే గేర్ల పెట్టెను) విరగ్గొడతాయి. ఐదు గేర్ల బాక్స్‌తో సహా డీఐ సెట్ మొత్తం దించుకోవడం ఇంకొక మార్గం, కానీ అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టుల పొడవులు, గేర్ బాక్స్ మౌంటింగులు మారతాయి.

తమ్ముడుగారు కోరుతున్న సీఆర్‌డీఈ 2498 సీసీ, 105 హార్స్ పవర్, 247 న్యూటన్ మీటర్లు. మంచి ఇంజన్, సందేహం లేదు. దానితో పాటు ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), వైరింగ్, యాక్సిలరేటర్ పెడల్, ఇంటర్‌కూలర్ అన్నీ ఒకే బండి నుంచి రావాలి. 62 హార్స్ పవర్‌కు తయారైన గేర్ బాక్స్, బ్రేకుల మీద అంత బలం మోపడం నాకు సమ్మతం కాదు. బావి దగ్గర ఒక సెన్సర్ వైరును ఎలుక కొరికితే అక్కడ బాగుచేసేవారు ఎవరున్నారు?

జవాబు: పాలమూరు ప్రయాణికుడు

ఇంజన్ కొనే ముందు ఆర్‌సీ సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పుకు రిజిస్టరింగ్ అధికారి అనుమతి ఉండాలి, మార్చిన 14 రోజుల లోపు ఆర్‌సీతో సహా తెలియజేయాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అనుమతించని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ ఉండవచ్చని 182ఏ సెక్షన్ చెబుతోంది. అందుచేత ముందు రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, ఏ ఇంజన్‌కు ఒప్పుకుంటారో తెలుసుకున్నాకే బయానా ఇవ్వండి. అమ్మేవారి నుంచి ఇంజన్ నంబరు రాసిన బిల్లు, విడదీసిన ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం తప్పక తీసుకోండి. బీమా కంపెనీకి తెలియజేయకపోతే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ ఇబ్బందిలో పడుతుంది.

దేవరకొండ రైతు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినట్లే చక్రం తిప్పి చూశాము. షాఫ్ట్ ఐదు చుట్లు దాటి, ఆరవ చుట్టులో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ తిరిగింది, అంటే 5.38 అనే అనుకుంటున్నాను. రెండు యాక్సిళ్లూ విప్పే ఖర్చు ఇప్పుడు పెట్టలేను. ఈ నిష్పత్తి మార్చకుండా వేరే దారి ఉందా?

జవాబు: నకిరేకల్ డీజిల్ పంపు

ఉంది. మహీంద్రా ఆర్మడా గ్రాండ్‌లో వచ్చిన ప్యూజో ఎక్స్‌డీ3పీ, 2498 సీసీ, మీ ఇంజన్ వంశానికే చెందినది. డీఐ కన్నా ఎక్కువ చుట్లు తిరుగుతుంది కనుక 5.38తో బాగా కుదురుతుంది. అయినా బెల్ హౌసింగ్ (ఇంజన్‌ను గేర్ బాక్స్‌కు కలిపే గుల్ల), ఫ్లైవీల్ పక్కపక్కన పెట్టి కొలుచుకోకుండా డబ్బు కట్టవద్దు. సెంటరు కొద్దిగా తప్పినా పైలట్ బేరింగ్, క్లచ్ నిలవవు.

నా మాట అడిగితే మాత్రం మొదట మీ ఇంజన్‌నే విప్పించి చూడమంటాను. క్రాంక్ కొలతలు గ్రైండింగ్ పరిమితిలో ఉండి, బ్లాక్ పగలకుండా ఉంటే కొత్త లైనర్లు, పిస్టన్లు వేయించి, హెడ్ ప్రెషర్ టెస్ట్ చేయించి, నాజిళ్లు, పంపు కాలిబ్రేషన్ చేయించుకోండి. ఇంజన్ నంబరు మారదు కాబట్టి ఆర్‌సీ జోలికి పోవలసిన పని కూడా ఉండదు. క్రాంక్ పనికిరాదని తేలితే అప్పుడు ఎక్స్‌డీ3పీ వెతకండి, సికింద్రాబాదు రాణిగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ వాకబు చేయవచ్చు.

ఏ ఇంజన్ ఉన్నా రేడియేటర్‌ను వదలవద్దు. మన జిల్లా బోరు నీళ్లు ఎంత ఉప్పో మీకు తెలుసు. మా దగ్గరికి వచ్చే పాత జీపుల రేడియేటర్ విప్పితే గొట్టాల లోపల తెల్లటి పెచ్చు కట్టి, సన్నని పుల్ల కూడా దూరని పరిస్థితి కనిపిస్తుంది. మన్ననూరు ఎక్కేటప్పుడు మీ ముల్లు లేవడానికి సగం కారణం అదే కావచ్చు. కొత్త కోర్ వేయించి, బ్లాక్‌లోని నీటి దారులు శుభ్రం చేయించి, ఇకపై డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి మాత్రమే పోయండి. ఇంజన్ విప్పే రోజు మీరు దగ్గరే ఉండి, క్రాంక్ కొలతలు మైక్రోమీటర్‌తో తీయించి కాగితం మీద రాయించుకోండి. ఆ అంకెలు ఇక్కడ పెడితే బోరు చేయించాలా, మార్చాలా అన్నది కచ్చితంగా చెప్పగలుగుతాము.