దొంగల పాలైన గిఫ్ట్ కార్డులకు బదులు కార్డులు ఇవ్వబోమంటున్న దుకాణం

ఖమ్మం మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా రెండవ అమ్మాయి వివాహం గత నెలలో ఖమ్మంలో జరిగింది. చదివింపుల దగ్గర మా బావమరిది కూర్చొని, ఎవరు ఎంత చదివించారో నోటు పుస్తకంలో రాసుకున్నాడు. కవర్లలో నగదుతో పాటు ఈసారి నాలుగు గిఫ్ట్ కార్డులు కూడా వచ్చాయి. అల్లుడి ఆఫీసు మిత్రులు కలిసి కొన్న ఒక బట్టల దుకాణం వారి కార్డులు మూడు, ఒక్కొక్కటి రూ. 5,000, మా మేనల్లుడు ఇచ్చిన నగల దుకాణం వారి కార్డు ఒకటి, రూ. 10,000. అమ్మాయి హైదరాబాదుకు కాపురానికి వెళ్తున్నప్పుడు ఆ నాలుగింటినీ చేతిసంచిలో పెట్టి ఇచ్చాము. మహాత్మా గాంధీ బస్ స్టేషనులో దిగి, సామాను ఆటోలో సర్దుకునేంతలో ఆ సంచి మాయమైంది. అదే రోజు పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్‌ఐఆర్ ప్రతి తీసుకున్నాము.

అదృష్టవశాత్తు కార్డుల నంబర్లు మా దగ్గర ఉన్నాయి. మా బావమరిది ప్రతి కార్డు మీది పదహారు అంకెలనూ ఇచ్చినవారి పేరు పక్కన రాసిపెట్టాడు. ఇంత ముందుచూపు నీకెలా వచ్చిందని అడిగితే, "కార్డు మీద ఎంత డబ్బో ఎక్కడా కనపడలేదు బావా, కనపడిన అంకె రాశాను" అన్నాడు.

ఆ పుస్తకం పట్టుకొని బట్టల దుకాణానికి వెళ్ళాను. మేనేజరు గారు మర్యాదగానే నంబర్లు కంప్యూటరులో కొట్టి చూసి, రెండు కార్డులలో రూ. 5,000 చొప్పున అలాగే ఉన్నాయని, మూడవ దానిలో మాత్రం రూ. 12 మిగిలాయని, అంతకు రెండు రోజుల ముందే నగరంలోని వారి వేరొక శాఖలో ఎవరో దానిని వాడారని చెప్పారు. మిగిలిన రెండింటినైనా ఆపి కొత్తవి ఇవ్వమని కోరగా, ఆయన సొరుగులోంచి ఒక ఖాళీ కార్డు తీసి, వెనుక చీమతలకాయంత అక్షరాలలో ఉన్న వాక్యాన్ని వేలితో చూపించారు. కార్డు నగదుతో సమానమని, పోయినా, దొంగిలింపబడినా సంస్థకు బాధ్యత లేదని దాని సారాంశం. దాని కింది వరుసలోనే ఒక సంవత్సరం గడువు అని కూడా ఉంది. నగదుతో సమానమైతే నా జేబులోని అయిదు వందల నోటుకు లేని గడువు దీనికెందుకు వచ్చిందని అడిగాను. ఆయన నవ్వి, టీ తెప్పించారు.

నా డబ్బు వారి కంప్యూటరులోనే ఉన్నదని వారే చెబుతూ, దానిని ఆపలేమనడం న్యాయమేనా? ఈ విషయంలో ఎవరిని ఆశ్రయించాలి? నగల దుకాణం వారు మాత్రం కార్డు కొన్న వ్యక్తిని బిల్లుతో సహా తీసుకురండి, చూద్దాము అన్నారు.

కౌంటరు పాతకాపు:

మాస్టారూ, నేను తొమ్మిదేళ్ళు ఒక పెద్ద బట్టల దుకాణంలో క్యాష్ కౌంటరులో పనిచేశాను. మేనేజరు మీతో అబద్ధం చెప్పి ఉండరు. అరలో ఉన్నంతసేపు గిఫ్ట్ కార్డు ఉత్త ప్లాస్టిక్ ముక్క; బిల్లింగులో దానిని యాక్టివేట్ చేసినప్పుడే ఆ నంబరుకు విలువ వస్తుంది. ఆ లెక్క దుకాణంలో ఉండదు, సర్వరులో ఉంటుంది. చాలాచోట్ల ఆ సర్వరును నడిపేది కూడా వేరే కంపెనీ. శాఖలోని తెర మీద నిల్వ ఎంతో చూడడం, వాడకం నమోదు చేయడం తప్ప వేరే అధికారం ఉండదు. ఆపే బటను హెడ్డాఫీసులో ఉంటుంది. కనుక ఆపలేమన్న మాట శాఖ వరకు నిజం, సంస్థ వరకు నిజం కాదు.

వారి భయం కూడా పూర్తిగా అర్థం లేనిది కాదు. కార్డు మీద పేరు ఉండదు. వెనుక గీకితే వచ్చే పిన్ ఎవరి చేతిలో ఉంటే వారిదే కార్డు. కొన్నవారు ఒకరు, అందుకున్నవారు ఒకరు, వాడేవారు ఇంకొకరు. నిశ్చితార్థం చెడిపోయిన ఒక కుటుంబం వారు, తాము వియ్యాలవారికి ఇచ్చిన కార్డు పోయిందని బిల్లు పట్టుకొని మా దగ్గరకు వచ్చారు. మేము ఆపించి ఉంటే, మరుసటి వారం అదే కార్డుతో చీరలు కొనడానికి వచ్చిన పిల్ల తల్లికి ఏమని చెప్పేవాళ్ళము?

అయితే మీ దగ్గర ఎఫ్‌ఐఆర్ ఉంది, నంబర్లు ఉన్నాయి, కొన్నవారు మీ అల్లుడి మిత్రులే. శాఖ చుట్టూ తిరగకండి. కొన్నవారి ఈమెయిలు నుంచే హెడ్డాఫీసుకు బిల్లు, ఎఫ్‌ఐఆర్ జతచేసి రాయించండి. అందులో రెండు కోరికలను విడదీయండి: ముందు కార్డులను తక్షణం ఆపమనండి, బదులు ఇవ్వడం సంగతి విచారణ తరువాత తేల్చమనండి. రెండూ కలిపి అడిగితే, రెండవదానికి అనుమతి కోసం మొదటిది కూడా ఆగిపోతుంది; ఆలోగా ఆ కార్డులు ఖాళీ అవుతాయి.

మూడవ కార్డు విషయంలో ఒక ముఖ్యమైన సంగతి. బట్టల దుకాణాలలో బిల్లు వేసే ముందు మొబైల్ నంబరు అడుగుతారు, చాలామంది ఆలోచించకుండా చెప్పేస్తారు. ఆ బిల్లు మీద నంబరు ఉండవచ్చు. సీసీ కెమెరా దృశ్యాలు కొద్ది వారాలకే చెరిగిపోతాయి. దర్యాప్తు అధికారి ద్వారా ఆ శాఖకు వెంటనే లేఖ వెళ్ళేలా చూడండి. మీరు స్వయంగా అడిగితే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

లెక్కల మనిషి:

ఖాతాల వైపు నుంచి ఒక్క మాట. దుకాణం కార్డు అమ్మిన రోజున వచ్చిన రూ. 5,000 దాని ఆదాయం కాదు, అది పుస్తకాలలో అప్పు కిందనే ఉంటుంది. ఎవరైనా సరుకు కొన్నప్పుడు ఆదాయంగా మారుతుంది. ఎవరూ వాడకుండా మిగిలిపోయే మొత్తాన్ని బ్రేకేజ్ అంటారు; దానిని కూడా నిబంధనల ప్రకారం ఆదాయంలో కలుపుకుంటారు. ఇలా వాడకుండా మిగిలిన మొత్తం మీద జీఎస్టీ కూడా వర్తించదని 2024 డిసెంబరు 31 నాటి సర్క్యులరులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది.

కాబట్టి మాస్టారు గారి రెండు కార్డులను దొంగ కూడా వాడక, ఈయనకూ ఇవ్వక గడువు దాటిపోతే, ఆ రూ. 10,000 ఎవరి దగ్గర మిగులుతుందో చూడండి. ఒక్క గజం గుడ్డ అయినా ఇవ్వకుండా దుకాణానికి లాభం. పోయినప్పుడు నగదు అని, గడువు తీరినప్పుడు కూపను అని, రెండు నాలుకలతో మాట్లాడే వీలు ఆ వెనుక వాక్యంలో ఉంది.

ఫ్రీమాంట్ నుంచి:

కాలిఫోర్నియాలో ఈ రెండు నాలుకలూ చట్టంలోనే ఉన్నాయి. ఇక్కడి సివిల్ కోడ్‌లోని 1749.6 సెక్షను, గిఫ్ట్ కార్డు విలువను జారీ చేసినవారు లబ్ధిదారు తరఫున ట్రస్టుగా ఉంచుకున్న సొమ్ముగా పరిగణిస్తుంది. అదే సెక్షను మళ్ళీ, పోయిన లేదా దొంగిలింపబడిన కార్డుకు బదులు ఇవ్వాలని తాను నిర్బంధించడం లేదని అంటుంది. గడువు విషయంలో మాత్రం ఇక్కడివారు మనకంటే నయం. 2009 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం కనీసం అయిదేళ్ళు చెల్లాలి. కాలిఫోర్నియాలోనైతే సాధారణంగా దుకాణాల కార్డులకు గడువే పెట్టకూడదు.

ఇక్కడి దొంగతనం తీరు వేరు. సంచి లాక్కునే పని లేదు. దుకాణంలో అరలో వేలాడుతున్న కార్డు అట్టను జాగ్రత్తగా విప్పి, నంబరు, పిన్ రాసుకొని, మళ్ళీ అతికించి అక్కడే పెట్టి వెళ్ళిపోతారు. అమాయకుడెవరో దానిని కొని యాక్టివేట్ చేయించిన నిమిషాలలో డబ్బు ఖాళీ అవుతుంది. దీనిని కార్డ్ డ్రెయినింగ్ అంటున్నారు. ఈ బెడద వల్లనే మేరీలాండ్ రాష్ట్రం 2024లో కార్డుల ప్యాకింగు భద్రంగా ఉండాలని చట్టం చేసింది. నాకు ఆఫీసులో ఇచ్చిన 100 డాలర్ల కార్డుకు అదే గతి పట్టింది. దుకాణం వారు కార్డు కంపెనీని అడగమన్నారు, కార్డు కంపెనీ వారు దుకాణాన్ని అడగమన్నారు. చివరకు మా ఆఫీసు వారు దాచిన యాక్టివేషన్ రసీదు పంపిన తరువాత, ఏడు వారాలకు డబ్బు వచ్చింది. ఇక్కడైనా అక్కడైనా ఆ రసీదే ప్రాణం. మనవాళ్ళేమో ధర కనపడకూడదని కవరులోంచి ముందు దానినే తీసి పారేస్తారు.

హనుమకొండ వకీలు:

మాస్టారు గారికి నమస్కారం. మొదట ఆ కార్డు ఏ జాతిదో తేల్చుకోవాలి. కార్డు వెనుక జారీ చేసినవారి పేరు దుకాణానిదే అయి, అది ఆ దుకాణంలో మాత్రమే చెల్లేది అయితే, దానిని క్లోజ్డ్ సిస్టమ్ సాధనం అంటారు. దానికి రిజర్వు బ్యాంకు అనుమతి అవసరం లేదు, అందువల్ల రిజర్వు బ్యాంకు రక్షణా లేదు. వెనుక ఏదైనా బ్యాంకు పేరో, అనుమతి పొందిన ప్రీపెయిడ్ సంస్థ పేరో ఉండి, పలుచోట్ల చెల్లేది అయితే, 2021 ఆగస్టు 27 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనలు (మాస్టర్ డైరెక్షన్లు) వర్తిస్తాయి. వాటి ప్రకారం గిఫ్ట్ కార్డు విలువ రూ. 10,000 మించకూడదు, అందులో మళ్ళీ డబ్బు వేయకూడదు, నగదుగా తీయకూడదు. కానీ కార్డుదారు కోరితే కొత్త సాధనం జారీ చేసి అయినా గడువును పొడిగించవచ్చు. ఫిర్యాదుకు ముప్పై రోజులలో జవాబు రాకపోతే ఫిర్యాదులను పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. మీరు చెప్పినదానిని బట్టి మీవి మొదటి జాతివిగానే కనిపిస్తున్నాయి.

అలాగని మీకు దారి లేకపోలేదు. కార్డు కొన్నది మీరు కాదు కదా అని వారు అనవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో, డబ్బు చెల్లించినవారే కాక, వారి సమ్మతితో ఆ సేవ పొందే లబ్ధిదారు కూడా వినియోగదారే. మీ అమ్మాయి ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఫిర్యాదు ఆమె పేరుతోనే ఉండాలి, మీ పేరుతో కాదు. ఆమె నివసించే జిల్లా వినియోగదారుల కమిషనులోనే వేయవచ్చు, రూ. 5 లక్షల లోపు చెల్లింపు విలువకు ఫీజు లేదు, వకీలు కూడా తప్పనిసరి కాదు. నా వృత్తికి నష్టమైనా ఉన్నమాట చెప్పాలి. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్ళు. దానికంటే ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫిర్యాదు చేయండి. సంస్థ ప్రతినిధులు అక్కడే దిగివచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

ఒక జాగ్రత్త. వెనుక రాసిన వాక్యమే చెల్లదని, అది అనుచిత ఒప్పందమని వాదించాలనుకుంటే, ఆ అధికారం జిల్లా కమిషనుకు కాక రాష్ట్ర కమిషనుకు ఉంది. అందువల్ల మీరు ఆ వాక్యంతో కుస్తీ పట్టవద్దు. నిల్వ ఉన్నదని తెలిసి, దొంగతనం జరిగిందని రాతపూర్వకంగా తెలియజేసిన తరువాత కూడా కార్డును ఆపకపోవడం సేవాలోపమని మాత్రమే అనండి. దుకాణానికి తెలిసిన క్షణం నుంచి వారి బాధ్యత మొదలవుతుంది. మీ వాదన బలమంతా అక్కడే ఉంది. ఇదే కారణంగా మూడవ కార్డు మీద ఆశ పెట్టుకోకండి. మీరు చెప్పకముందే పిన్‌తో వాడిన కార్డుకు దుకాణాన్ని బాధ్యులను చేయడం కష్టం. అది దొంగ దగ్గర రాబట్టవలసిన సొమ్ము.

చదివింపుల పుస్తకాన్ని పారేయవద్దు. గొడవ రాకముందు, మామూలుగా రాసుకున్న రాతకు ఉన్న విలువ, తరువాత తయారు చేసిన ఏ పత్రానికీ ఉండదు.

ఖమ్మం మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు గడిచాయి కనుక జరిగినది రాస్తున్నాను. అల్లుడి మిత్రుడు తన ఈమెయిలు నుంచి బిల్లు, ఎఫ్‌ఐఆర్ జతచేసి, కౌంటరు పాతకాపు గారు చెప్పినట్లు ఆపమన్న కోరికను విడిగా రాశాడు. రెండు రోజులలో రెండు కార్డులూ నిలిచిపోయాయి. బదులు కార్డులకు మాత్రం మొదట ఒప్పుకోలేదు. అమ్మాయి చేత 1915కు ఫిర్యాదు చేయించిన తరువాత, మళ్ళీ ఏ వివాదమూ లేవదీయబోమని కొన్నవారి చేత, అమ్మాయి చేత సంతకాలు తీసుకొని కొత్తవి పంపారు. గడువు తేదీ మాత్రం పాతదే ఉంచారు. మేనల్లుడు బిల్లు, ఆధార్ చూపించగా నగల దుకాణం వారు అదే రోజు కొత్త కార్డు ఇచ్చారు.

మూడవ కార్డు సంగతి వకీలు గారు చెప్పినట్లే అయింది. పోలీసులు ఆ శాఖ నుంచి బిల్లు ప్రతి తెప్పించారు. దాని మీద మొబైల్ నంబరు ఉంది గాని, పది సున్నాలు కొట్టి ఉన్నాయి. రూ. 4,988కు కొన్నవి ఒక పంచెల చాపు, రెండు చీరలు, ఒక చంటిపిల్ల గౌను. ఆ బిల్లు చూసిన దగ్గర నుంచి, వాళ్ళింట్లో కూడా ఏదో శుభకార్యం ఉండి ఉంటుందని మా ఆవిడ అంటున్నది.