రంగు వెలిసిపోతున్న నీటిలో ఎల్‌సీ50 ఎలా లెక్కించాలి?

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో జంతుశాస్త్రం పీజీ చదువుతూ, మలకైట్ గ్రీన్ అనే కృత్రిమ రంగు శీలావతి చేపపిల్లలపై చూపే స్వల్పకాలిక విషప్రభావాన్ని, అంటే సగం చేపలు చనిపోయే గాఢతను (ఎల్‌సీ50), 96 గంటల పరీక్షతో అంచనా వేస్తున్నాను. ఐదు గాఢతలతో పాటు రంగు కలపని తొట్టె కూడా పెట్టాను. అందులో ఒక్క చేపా చావలేదు కాబట్టి నీటి మీద అనుమానం లేదు.

చిక్కంతా కొలతలోనే ఉంది. ఉదయం నీలిపచ్చగా ఉన్న నీరు సాయంత్రానికి దాదాపు తేటపడుతోంది, అయినా చేపపిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తూనే ఉన్నాయి, చూడటానికి చాలా బాధగా ఉంది. నీటి పీహెచ్ 8 దగ్గర ఉంది. క్షారగుణం గల నీటిలో ఈ రంగు వర్ణంలేని కార్బినాల్ రూపంలోకి మారుతుంది కనుక, 617 నానోమీటర్ల వద్ద కాంతి శోషణ రీడింగ్ తగ్గినంత మాత్రాన అది నీటిలోంచి పోయిందనలేను. నమూనాను ఆమ్లీకరించి, రంగు తిరిగొచ్చాక కొలవవచ్చా? అందుకు ఎంతసేపు ఆగాలి? చేపలపై విషపరీక్షలకు ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) ఇచ్చిన 203వ మార్గదర్శకం ప్రకారం గాఢత 20 శాతానికి మించి మారితే కొలిచిన విలువలే వాడాలి. అప్పుడు రెండు రూపాల మొత్తాన్ని తీసుకోవాలా, రంగున్న రూపాన్నేనా? మరిన్ని చేపలను తొట్టెల్లో వేయకముందే ఈ సంగతి తేల్చుకోవాలనుకుంటున్నాను. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.