ముక్క తీసి పరీక్షించకుండానే కంటి గడ్డకు ఆపరేషనా?

ప్రశ్న:
మా అక్కకు 41 ఏళ్లు. ఆరేళ్ల కిందటి గుర్తింపు కార్డు ఫొటోలో ఆమె కళ్లు రెండూ ఒకే వరసలో ఉన్నాయి. ఇప్పుడు ఎడమ కన్ను కాస్త కిందికి, ముక్కు వైపు జరిగింది. థైరాయిడ్ వల్ల కూడా కన్ను జరగవచ్చని చేసిన పరీక్షలో ఏమీ లేదు. సీటీ స్కాన్‌లో కన్నీటి గ్రంథి దగ్గర గుండ్రటి గడ్డ కనిపించింది. బయాప్సీ వద్దు, మొత్తంగా తీసేద్దామంటున్నారు సర్జన్. అదేమిటో తేలకుండా కత్తి పెట్టడమెలా? నాకు నిద్ర పట్టడం లేదు. తెలిసినవారు చెప్పండి.

జవాబు (కంటి వైద్యుడిని):
ఈ ఒక్క చోట బయాప్సీకి తొందరపడితేనే చేటు. కన్నీటి గ్రంథి కంటిగూటిలో పైన, బయటి మూలన ఉంటుంది. అక్కడ గడ్డ పెరిగితే కన్ను మీరు చెప్పినట్టే జరుగుతుంది. ఏడాదికి పైగా నొప్పి లేకుండా నెమ్మదిగా పెరిగి, పక్క ఎముకను కొరకకుండా నున్నగా గుంట చేసి ఉంటే మేము మొదట అనుమానించేది ప్లియోమార్ఫిక్ అడినోమా అనే గ్రంథి గడ్డ. అది క్యాన్సర్ కాదు. కానీ ముక్క కోస్తే పైపొర తెగి కణాలు చుట్టూ చిందుతాయి. ఎన్నో ఏళ్లకైనా మళ్లీ మొలవవచ్చు, కొందరిలో క్యాన్సర్‌గానూ మారుతుంది. అందుకే పొరతో సహా తీసి, తర్వాతే ల్యాబుకు పంపుతాము. నొప్పి, తిమ్మిరి ఉన్నా, కొద్ది నెలల్లోనే పెరిగినా, ఎముక కొరికినట్టు కనిపించినా దారి వేరు. అప్పుడు బయాప్సీయే ముందు.

జవాబు:
నాది కనుగుడ్డు వెనక గడ్డ. రెండేళ్లలో మూడుసార్లు కళ్లజోడు మార్చాను, ప్లస్ నంబరు పెరుగుతూనే ఉంది. గడ్డ వెనక నుంచి నొక్కడం వల్లనే అని ఎవరికీ తోచలేదు. చివరికి ఒక వైద్యురాలు నా గడ్డం పైకెత్తించి కింది నుంచి చూశారు. కొలిస్తే కుడి కన్ను 4 మిల్లీమీటర్లు ముందుకు వచ్చి ఉంది! ఎమ్మారైలో స్పష్టంగా కనిపించేందుకు ఎక్కించే కాంట్రాస్ట్ మందు గడ్డలో ఒక చోట మొదలై మెల్లగా నిండింది కాబట్టి కావెర్నస్ హిమాంజియోమా (రక్తనాళాల గడ్డ) అన్నారు, ష్వానోమా (నరం పొర నుంచి పుట్టే గడ్డ) కూడా కావచ్చని రాశారు. తీశాక ల్యాబులో మొదటిదే అని తేలింది. పేరు తెలియకుండా ఆపరేషన్ బల్ల ఎక్కడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. అక్కను మళ్లీ అడిగాను, నొప్పీ తిమ్మిరీ లేవు. ఎముక నున్నగా గుంటపడిందని రిపోర్టులోనే ఉంది, నేనే గమనించలేదు. పొర తెగకుండా తీయడానికి ఏ వైపు నుంచి కోస్తారో రేపు సర్జన్‌ను అడుగుతాము.