ఇంటర్వ్యూల డేటా జర్నల్‌కి ఇవ్వాలా? పీహెచ్‌డీ చేసినవాళ్లు చెప్పండి

చీరాల చేనేత కార్మికుల అప్పుల మీద సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇంటర్వ్యూల ఆడియో ఎన్‌క్రిప్ట్ చేసిన హార్డ్ డిస్క్‌లో ఉంది, ఏ కోడ్ ఎవరిదో చెప్పే పట్టిక వేరేచోట దాచాను. ఇప్పుడు ఒక జర్నల్ డేటాను జెనోడోలో (పరిశోధన డేటాను ఆన్‌లైన్‌లో దాచి పంచుకునే సైట్) పెట్టమంటోంది. పేర్లు తీసేస్తే చాలదు కదా! ఏ వీధి, ఎన్ని మగ్గాలు, ఏ మాస్టర్ వీవర్ (నూలిచ్చి నేయించుకునే యజమాని) దగ్గర బాకీ అన్నది చదివితే ఊళ్లోవాళ్లు ఇట్టే పట్టేస్తారు. అప్పు ఇచ్చినాయనకు తెలిస్తే వాళ్లకు పని ఇవ్వడం ఆపేస్తాడేమోనని టెన్షన్.

సమ్మతి పత్రంలో 'పరిశోధన కోసం' అని మాత్రమే ఉంది. జెనోడోలో ఫైళ్లకు రిస్ట్రిక్టెడ్ యాక్సెస్ (మనం అనుమతి ఇచ్చినవాళ్లకే తెరుచుకునేలా) పెట్టొచ్చు, దానికి జర్నల్‌వాళ్లు ఒప్పుకుంటారా? మళ్లీ వెళ్లి సంతకాలు తీసుకోవాలా, ముందు ఎథిక్స్ కమిటీకి రాయాలా? గైడ్ గారేమో "ఏదో ఒకటి అప్‌లోడ్ చేసెయ్" అంటున్నారు. నాకది నచ్చలేదు. మీరు ఆడియోలు ఎప్పుడు చెరిపేశారో కూడా చెప్పండి.