కోడిగుడ్ల పులుసుకు తగిన చవకైన తీపి వైట్ వైన్ ఏది?

జర్మనీలో ఉంటున్న మేము ఈ శనివారం ఇద్దరు జర్మన్ మిత్రులను రాత్రి భోజనానికి పిలిచాము. తక్కువ ఖర్చులో కోడిగుడ్ల పులుసు, బంగాళాదుంప వేపుడు, అన్నం వండదలచాను. చింతపండు రసం చిక్కగా తీసి, ఎండుమిర్చి తాలింపు పెట్టి, చివర చిన్న బెల్లం ముక్క వేసే పులుసు అది. ఆల్కహాల్ ఎక్కువైతే కారం మరింత మండుతుంది కనుక, 8-9 శాతమే ఉండి, తీపితో పాటు చక్కని పులుపు కూడా గల జర్మనీలోని మోసెల్ ప్రాంతపు రీస్లింగ్ కాబినెట్ (రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షతో చేసే తేలికపాటి వైన్) నప్పుతుందని నా అభిప్రాయం. అయితే సీసాకు 6 యూరోలకు మించి పెట్టలేను. ఆ ధరలో సూపర్ మార్కెట్లో దొరికే, సీసా మీద 'లీబ్లిష్' (ఓ మోస్తరు తీపి) అని రాసి ఉండే రీస్లింగ్ చింతపండు పులుపు ముందు తేలిపోతుందా, లేక ముస్కాటెలర్ వంటి సువాసన గల వైన్ మేలా? ఇటువంటి పులుసుతో వీటిని రుచి చూసినవారు దయచేసి చెప్పగలరు. వైన్ తీపి నిలవాలంటే పులుసులో బెల్లం మానేయాలా అన్నది కూడా తెలిపితే ఎంతో మేలు చేసినవారవుతారు.