డిపెండ్స్ లైను చేత్తో రాయొద్దు తమ్ముడూ

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. మ్యూనిక్ వచ్చి మూడు వారాలైంది. డెబియన్ (ఒక లినక్స్ రకం) ప్యాకేజీలు చేసే టీమ్‌లో వేశారు. మా పాత ప్యాకేజీ డెబియన్ 11లో బాగానే ఇన్‌స్టాల్ అవుతుంది, 12లో మాత్రం లిబ్ఎస్ఎస్ఎల్1.1 (ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ పాత వెర్షన్) లేదని ఆగిపోతోంది. పాత రిలీజ్ నుంచి ఆ లైబ్రరీ తెచ్చి పెట్టేయమని ఒకరన్నారు. కంట్రోల్ ఫైల్లో, ప్యాకేజీకి ఏమేం కావాలో చెప్పే డిపెండ్స్ లైనులో, పేరు లిబ్ఎస్ఎస్ఎల్3 అని మార్చేస్తే చాలని ఇంకొకరు. సోమవారం రివ్యూ. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా దారి చెప్పండి.

జవాబు:
తమ్ముడూ, ఆ రెండూ వద్దు.

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1కి మామూలు సపోర్ట్ 2023 సెప్టెంబరుతోనే ముగిసింది. దాన్ని 12 మీద తెచ్చి పెడితే రేపు అందులో భద్రతా లోపం బయటపడినా 12 నుంచి నీకు అప్‌డేట్ రాదు.

పేరు మాత్రం మారిస్తే ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవుతుంది, ప్రోగ్రామ్ మాత్రం లేవదు. డిపెండ్స్ లైను చదివేది ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్. ప్రోగ్రామ్ మొదలవగానే దానికి లైబ్రరీలు తెచ్చి కలిపే లోడర్ ఆ లైను జోలికే పోదు. ప్రోగ్రామ్ తనకు లిబ్ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1 కావాలని కంపైల్ అయిన రోజే తన బైనరీలో (నడిచే ఫైల్లో) రాసుకుని ఉంటుంది. లైబ్రరీకి వెర్షన్‌తో కలిపి ఉండే ఆ పేరే సోనేమ్. పేరు ఒకటే అయినా ఇంటిపేరు వేరైతే మనిషి వేరే కదా, .1.1 అడిగితే లోడర్ .3 ఇవ్వదు. బైనరీ మీద రీడ్‌ఎల్ఫ్ -డి కమాండ్ కొట్టి చూడు, నీడెడ్ అన్న వరసల్లో ఈ పేర్లన్నీ కనిపిస్తాయి.

చేయాల్సింది ఒకటే: డెబియన్ 12 సీహెచ్‌రూట్‌లో (నీ మెషీన్లోనే విడిగా పెట్టుకునే డెబియన్ 12 ఫోల్డర్లో) మళ్లీ బిల్డ్ చెయ్యి. అలా బిల్డ్ చేసిపెట్టే ఎస్‌బిల్డ్ టూల్ వాడితే సులువు. పాత ఫంక్షన్ల మీద డెప్రికేటెడ్ (ఇక వాడొద్దు) అని వార్నింగులు వస్తాయి. వార్నింగుల్ని ఎర్రర్లుగా చూసే ఫ్లాగ్ ఉంటే బిల్డ్ అక్కడ ఆగుతుంది, ముందే చూసుకో.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నాకు తగిలింది కాబట్టి. నాది తిరుపతి, కొర్లగుంట. 2022లో దసరాకి ఇంటికెళ్లి, మిద్దె మీద కూర్చుని, ఎదురుగా తిరుమల ఘాట్ రోడ్డు దీపాలు కనిపిస్తుండగా నా ల్యాప్‌టాప్‌లోనే ప్యాకేజీ చేసి సర్వర్‌కి పంపాను. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04, జీలిబ్‌సీ (దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడే మూల సీ లైబ్రరీ) 2.35. సర్వర్లో డెబియన్ 11, జీలిబ్‌సీ 2.31. ఇన్‌స్టాల్ అయింది. సర్వీస్ మాత్రం ‘జీలిబ్‌సీ_2.34 దొరకలేదు’ అని పడిపోయింది. సంగటి చల్లారిపోతోందని అమ్మ కింద నుంచి పిలుస్తూనే ఉంది, నాకు చేతులు ఆడలేదు. నా దగ్గరున్నది 2.35 అయితే 2.34 ఎందుకు అడుగుతోందో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది: జీలిబ్‌సీలో ప్రతి సింబల్‌కీ, అంటే లైబ్రరీ బయటికిచ్చే ఫంక్షన్ పేరుకి, అది ఆ రూపంలో మొదటిసారి వచ్చిన వెర్షన్ ముద్ర ఉంటుంది. ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ఫంక్షన్‌కి 2.34లో కొత్త ముద్ర పడింది. అందుకే చిన్న సీ ప్రోగ్రామ్ కూడా ఆ వెర్షన్ అడుగుతుంది.

అసలు తప్పు నా డిపెండ్స్ లైనులో ఉంది. లిబ్‌సీ6 (డెబియన్‌లో జీలిబ్‌సీ ప్యాకేజీ పేరు) అని, వెర్షన్ లేకుండా, నేనే రాశాను. ఆ లైనులో ష్లిబ్స్:డిపెండ్స్ వేరియబుల్ పెట్టి ఉంటే, బిల్డ్‌లో నడిచే డీపీకేజీ-ష్లిబ్‌డెప్స్ అనే టూల్ ప్రతి బైనరీనీ తెరిచి, అది వాడే సింబల్స్ చూసి, ‘లిబ్‌సీ6 కనీసం 2.34’ అని తనే రాసేది. ఆప్ట్ గడపలోనే ఆపేసేది. పైగా పేర్లు మారుతుంటాయి. 2038 తర్వాతి తేదీలు 32-బిట్ టైమ్‌లో పట్టవని టైమ్ సైజు పెంచినప్పుడు డెబియన్ 13లో లిబ్ఎస్ఎస్ఎల్3 ప్యాకేజీయే లిబ్ఎస్ఎస్ఎల్3టీ64 అయింది. ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ప్రోగ్రామ్ నడుస్తుండగా డీఎల్‌ఓపెన్‌తో తెరిచే లైబ్రరీలు మాత్రం ఆ టూల్‌కి కనపడవు. వాటిని నువ్వే రాయాలి.

రివ్యూలో ఎందుకని అడిగితే కంగారుపడకు. ఇక్కడ అందర్నీ అలాగే అడుగుతారు. రీడ్‌ఎల్ఫ్ అవుట్‌పుట్ చూపించు.

ఇంకో జవాబు:
తమ్ముడూ, మాది శ్రీకాళహస్తి. అన్న చెప్పింది లైబ్రరీ వాడేవాళ్ల సంగతి. మీ టీమ్ సొంత లైబ్రరీ కూడా ఇస్తుంటే ఇదీ విను. కొత్త ఫంక్షన్ చేరిస్తే సోనేమ్ అలాగే ఉండొచ్చు, అది ఏ వెర్షన్‌లో వచ్చిందో ప్యాకేజీలోని సింబల్స్ ఫైల్లో (లైబ్రరీ ఇచ్చే ఫంక్షన్ల జాబితాలో) రాస్తే చాలు. ఉన్నదాన్ని తీసేసినా, దాని ఆర్గ్యుమెంట్లు మార్చినా సోనేమ్ మారాలి, దాంతో ప్యాకేజీ పేరూ మారాలి. అప్పుడే పాతదీ కొత్తదీ ఒకే మెషీన్లో పక్కపక్కన ఉండగలవు. ఆ జాబితాలోని సింబల్ మాయమైతే, దాన్ని సరిచూసే డీపీకేజీ-జెన్‌సింబల్స్ టూల్ బిల్డ్ ఆపేస్తుంది. ఆ లైను చెరిపేసి బిల్డ్ పాస్ చేయించుకోవద్దు, ముందు ఆ ఫంక్షన్‌ని ఇంకెవరు వాడుతున్నారో వెతుకు.