సమాధిలో సిలువ దొరికినంత మాత్రాన చనిపోయినవారు క్రైస్తవులేనా?

మూసీతీరం
ఉత్తర ఐరోపా క్రైస్తవంలోకి మారిన కాలానికి, అంటే సుమారు 7వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం వరకు చెందిన సమాధుల తవ్వకాల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. నాకు మూడు సందేహాలున్నాయి. సమాధిలో దొరికిన వస్తువులను బట్టి చనిపోయినవారి మతాన్ని నిర్ధారించడం ఎంతవరకు సబబు? తల పడమరకూ కాళ్లు తూర్పుకూ ఉంచి పూడ్చడాన్ని క్రైస్తవానికి గుర్తుగా చాలామంది రాస్తారు, దానిని నమ్మవచ్చా? వచ్చే వేసవిలో స్టాక్‌హోమ్, కోపెన్‌హాగన్ వెళ్తున్నాం గనుక అక్కడ తప్పక చూడవలసినవి ఏమిటి? చూసినవారూ చదివినవారూ చెప్పగలరు.

పాతరాయి
కోపెన్‌హాగన్ జాతీయ మ్యూజియంలో మిగతావన్నీ వదిలేసినా సరే, ట్రెండ్‌గోర్డెన్‌లో దొరికిన బలపపు రాతి అచ్చును మాత్రం వదలకండి. 10వ శతాబ్దపు కంసాలి ఎవరో ఒకే రాతిలో రెండు సిలువలకూ, ఉత్తర ఐరోపా పాత దేవుడు థోర్ సుత్తి గుర్తు ఒకదానికీ పక్కపక్కనే గుంటలు చెక్కుకున్నాడు. వచ్చినవాడు ఏ దేవుణ్ణి కొలిచేవాడైనా మెడలో వేసుకునే బిళ్ల ఆ ఒక్క రాతిలోనే పోసి ఇచ్చేవాడన్నమాట. మా బృందంతో వచ్చిన గైడు, 965 ప్రాంతంలో హరాల్డ్ రాజు బాప్తిస్మం తీసుకోగానే డెన్మార్క్ మొత్తం రాత్రికి రాత్రి మారిపోయినట్టు చెప్పుకుపోతుంటే వినలేక, ఆ అచ్చు ముందు నిలబెట్టి ఇది ఎవరి కోసం చేశారని అడిగాను. జవాబు రాలేదు. డెన్మార్క్‌లోని జెల్లింగ్ ఊళ్లో నిలిపిన రాతి మీద హరాల్డ్ తానే డేన్లను క్రైస్తవులను చేశానని చెక్కించుకున్నాడు, నిజమే. కానీ రాజు చెక్కించుకున్న మాటకూ ప్రజల మెడలో వేలాడిన బిళ్లకూ మధ్య ఉన్న దూరమే మనం చదవవలసిన చరిత్ర.

ఖమ్మంవాసి
డెన్మార్క్ సంగతి నాకు తెలియదు గానీ, ఇంగ్లండ్‌లోని సటన్ హూ నిధి గురించి ఇక్కడ ఎవరూ ఎత్తకపోవడం బాధ కలిగించింది. 1939లో బేసిల్ బ్రౌన్ తవ్విన ఆ 27 మీటర్ల ఓడ సమాధిలో దొరికిన భుజపు కొక్కేలను బ్రిటిష్ మ్యూజియంలో దగ్గరగా చూశాను. మిల్లీమీటరు మందం కూడా ఉండని ఎర్రటి గార్నెట్ పలకలను బంగారు గళ్లలో పొదిగి, ప్రతి పలక కిందా సన్నటి గళ్ల నమూనా అద్దిన బంగారు రేకు పరిచారు. వెలుతురు ఆ రేకు మీద పడి తిరిగి పైకి లేవడం వల్లనే రాయి నిప్పులా కనిపిస్తుంది. ఆ రాళ్లు మన కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్టవి. ఈ విషయం మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా ఉండాలి.

శాసనప్రియ
ఖమ్మంవాసి గారూ, నేను చాలా ఏళ్లుగా రత్నాల పరీక్ష వృత్తిలో ఉన్నవాడిని గనుక ఈ మాటను వదిలేయలేకపోతున్నాను. 2017లో ప్రచురితమైన అధ్యయనం గరీబ్‌పేట రాళ్లను ముడిపెట్టింది పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వకాల్లో దొరికిన గార్నెట్లతో. రాయి రసాయన కూర్పు, దాని లోపల చిక్కుకున్న ఇతర ఖనిజాల రేణువులు, అవి రాతిలో పరుచుకున్న తీరు చూసి ఆ సంబంధం స్థాపించారు. 5, 6 శతాబ్దాల ఐరోపా నగల్లోని గార్నెట్లలో చాలావాటి మూలం భారత, శ్రీలంక ప్రాంతాలని రసాయన పరీక్షలు సూచిస్తున్నాయి, 7వ శతాబ్దంలో ఆ సరఫరా సన్నగిల్లి బొహీమియా (నేటి చెక్ దేశం) రాళ్లు వాడుకలోకి వచ్చాయి. ఇంతవరకు నిలబడే మాట. అక్కడి నుంచి సటన్ హూలోని ఫలానా కొక్కెం మన ఫలానా గుట్టదని అనడానికి మాత్రం, ఆ రాళ్లనే పరీక్షించి గరీబ్‌పేటతో సరిపోల్చి చూపించాలి.

ఖమ్మంవాసి
ఐరోపా రాయికి ఐరోపా కొండను మూలంగా చెబితే శాస్త్రం, మన ఊరి గుట్ట పేరు చెబితే దురభిమానం! ఈ ధోరణి నాకు కొత్త కాదు. మా జిల్లా వాసులకు వానాకాలంలో వాగుల్లో కొట్టుకొచ్చే ఈ ఎర్రరాళ్ల విలువ ఎవరూ చెప్పలేదు. భారతదేశం నుంచి వెళ్లాయని మీరే ఒప్పుకుంటూ, భారతదేశంలో ఎక్కడి నుంచో చెప్పగానే ఆధారం అడుగుతున్నారు.

శాసనప్రియ
రాజస్థాన్‌లోనూ గార్నెట్ గనులు ఉన్నాయి గనుక అడుగుతున్నాను. ఊరి పేరు మీద నాకు ఏ కోపమూ లేదు. గరీబ్‌పేట గురించి నిలబడే మాట ఒకటి ఉన్నప్పుడు, నిలబడని మాటను దానికి తోడు చేస్తే రేపు రెండింటినీ కలిపి కొట్టిపారేస్తారు.

బోధిమార్గం
ఇంత దూరం వచ్చాక స్వీడన్‌లోని హెల్గో బుద్ధుడి ప్రస్తావన లేకపోవడం లోటు. మెలారెన్ సరస్సులోని హెల్గో దీవిలో 1956లో దొరికిన ఆ కంచు విగ్రహం ఎత్తు సుమారు 8 సెంటీమీటర్లు. 6వ శతాబ్దంలో, నేటి పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ పరిసరాల్లో చేసినదని పండితుల అంచనా. తామరపువ్వు మీద కూర్చున్న ఆ మూర్తికి, దొరికినప్పుడు, మెడ దగ్గరా చేతి దగ్గరా తోలు పట్టీలు ఉన్నాయి. ఎవరో దానిని కట్టుకుని తిరిగారంటే, ధమ్మం ఉత్తర ధ్రువం దిక్కుగా అంత దూరం ప్రయాణించిందని గర్వంగా చెప్పుకోవచ్చు. స్టాక్‌హోమ్ చరిత్ర మ్యూజియంలో మూసీతీరం గారు ముందుగా చూడవలసింది అదే.

పాతరాయి
విగ్రహం ప్రయాణించింది, ధమ్మం ప్రయాణించిందనడానికి ఏమీ లేదు. అదే చోట ఐర్లండ్ నుంచి వచ్చిన బిషప్ దండం పిడీ, ఈజిప్టు నుంచి వచ్చిన కాప్టిక్ (అక్కడి క్రైస్తవుల) గరిటె కూడా దొరికాయి. మీ లెక్క ప్రకారం హెల్గో దీవివాసులు ఏకకాలంలో బౌద్ధులు, ఐరిష్ క్రైస్తవులు, కాప్టిక్ క్రైస్తవులు కావాలి. చేతులు మారుతూ వచ్చిన అపురూప వస్తువును మత ప్రచారంగా చదవడమే అసలు ప్రశ్నలో అడిగిన తప్పిదం.

బోధిమార్గం
కట్టుకున్నవాడికి దాని మీద ఏదో ఒక నమ్మకం లేకపోతే తోలు పట్టీ ఎందుకు చుడతాడు? ఆ నమ్మకానికి బౌద్ధం అని పేరు పెట్టకూడదంటే పెట్టను, కానీ దానిని కేవలం సరుకుగా దిగజార్చడాన్ని మాత్రం ఒప్పుకోను.

కృష్ణశిల
అడిగిన ప్రశ్నలు పక్కకు పోయాయి గనుక రెండో దానికి నేను సమాధానం చెబుతాను. తూర్పు పడమరల దిశ ఒక్కటే చూసి మతం తేల్చలేం. ఇంగ్లండ్‌లో ఆంగ్లో సాక్సన్లు క్రైస్తవం తీసుకోకముందే తల పడమర దిక్కున ఉంచి పూడ్చిన సమాధులు బోలెడు ఉన్నాయి. వస్తువులు లేకపోవడం కూడా నమ్మదగిన గుర్తు కాదు, పేదవాడి సమాధిలో మొదటి నుంచీ ఏమీ ఉండదు. వస్తువులు ఉండటం క్రైస్తవం కాదనడానికీ గుర్తు కాదు. 687లో మరణించిన కత్బర్ట్ బిషప్‌ను మించిన క్రైస్తవుడు ఆ కాలపు ఇంగ్లండ్‌లో దొరకడు, అయినా 1827లో డర్హమ్‌లో ఆయన శవపేటిక తెరిస్తే దుస్తుల మడతల్లో గార్నెట్లు పొదిగిన బంగారు సిలువ బయటపడింది. 2011లో కేంబ్రిడ్జ్ దగ్గరి ట్రంపింగ్టన్‌లో మంచం మీద పడుకోబెట్టి పూడ్చిన పదహారేళ్ల ప్రాంతపు అమ్మాయి దుస్తులకు అలాంటి సిలువే కుట్టి ఉంది, పక్కన ఇనుప కత్తీ గాజుపూసలూ ఉన్నాయి. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు, వస్తువులున్న సమాధి క్రైస్తవుల సమాధి అయ్యుండవచ్చని వ్యాసంలో రాసినందుకు నా పర్యవేక్షకుడు ఆ పేరా మొత్తం కొట్టివేయించారు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మూసీతీరం
కృష్ణశిల గారికి ధన్యవాదాలు. మరి సటన్ హూలో వెండి గిన్నెల మీద సిలువ గుర్తులున్నాయనీ, రెండు చెంచాల మీద సౌలు, పౌలు అనే పేర్లున్నాయనీ చదివాను. బైబిల్లో క్రీస్తును నమ్మకముందు సౌలుగా, తరువాత పౌలుగా కనిపించేది ఒకే మనిషి కదా. అవి బాప్తిస్మానికి గుర్తు కావా?

కృష్ణశిల
కావచ్చు, కాకపోవచ్చు. రెండింటిలో ఒక పేరు చెక్కినవాడి పొరపాటని కూడా వాదన ఉంది. ఆ సమాధి తూర్పు ఆంగ్లియా రాజు రెడ్వాల్డ్‌దని ఎక్కువమంది భావిస్తారు. ఆయన కెంట్‌లో బాప్తిస్మం తీసుకుని ఇంటికి వచ్చాక, ఒకే గుడిలో క్రీస్తుకొక బలిపీఠమూ పాత దేవతలకొక చిన్న పీఠమూ నిలిపాడని బీడ్ అనే సన్యాసి తన ఇంగ్లండ్ క్రైస్తవ చరిత్రలో నిందిస్తూ రాశాడు. 731లో ఆ చరిత్ర పూర్తిచేసిన సన్యాసికి అది ద్రోహం. ఆ రాజుకు మాత్రం అందులో ఏ వైరుధ్యమూ తోచి ఉండకపోవచ్చు.

బోధిమార్గం
సరిగ్గా అదే నేను చెప్పేది! రాజుకు రెండు పీఠాలు ఉండవచ్చు గానీ హెల్గో వర్తకుడికి ఒక బుద్ధుడు ఉండకూడదా?

పాతరాయి
రెడ్వాల్డ్ గురించి చెప్పడానికి బీడ్ ఉన్నాడు, మీ వర్తకుడి గురించి చెప్పడానికి తోలు ముక్క తప్ప ఏదీ లేదు. తేడా అక్కడే ఉంది.

శాసనప్రియ
స్వీడన్‌లోని వైకింగ్ కాలపు వర్తక పట్టణం బిర్కాకు రండి, ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. అన్స్‌గార్ అనే సన్యాసి 829 ప్రాంతంలో అక్కడ సువార్త చెప్పాడు. అక్కడి 660వ సమాధిలోని స్త్రీ దగ్గర, స్వీడన్‌లో దొరికిన సిలువ మీద క్రీస్తు ఉన్న అత్యంత పాత మూర్తుల్లో ఒకటిగా చెప్పే వెండి బిళ్ల ఉంది, దానితోపాటు ఒక ఇనుప కర్ర కూడా ఉంది. ఆ కర్ర సోదె చెప్పే స్త్రీల మంత్రదండమని కొందరంటారు, మాంసం కాల్చే ఊచ అని మరికొందరంటారు. మంత్రదండమే అయితే ఆమెను ఏ మతంలో రాయాలో చెప్పండి. నన్నడిగితే ఏ గడిలోనూ రాయకూడదు.

గోదారిగట్టు
బిర్కాలోనే ఉన్న 581వ సమాధి గురించి ఎవరూ చెప్పలేదేమిటి? 1878లో తవ్వి పురుష యోధుడిదని రాసుకున్న ఆ ఎముకలు స్త్రీవని 2017లో డీఎన్ఏ పరీక్ష తేల్చింది.

కృష్ణశిల
అది లింగ నిర్ధారణ చర్చ, దానికి వేరే అంశం తెరవండి. మూసీతీరం గారూ, మీ మూడో ప్రశ్నకు ఇంతమంది రాసినా ప్రయాణం సంగతి ఎవరూ చెప్పలేదు. బిర్కా బ్యోర్కో దీవి మీద ఉంది, స్టాక్‌హోమ్ నుంచి వేసవిలో పడవలు నడుస్తాయి. జెల్లింగ్ కోపెన్‌హాగన్ పక్కన లేదు, అది యూట్లాండ్‌లో ఉంది కనుక దానికి ఒక రోజు విడిగా పెట్టుకోండి. అక్కడి రెండు పెద్ద మట్టి దిబ్బల్లో ఉత్తరపు దాని లోపలి కొయ్య సమాధి గది 958, 959 ప్రాంతంలో నరికిన దూలాలతో కట్టినది, 1820లో తెరిస్తే అందులో రాజు ఎముకలు లేవు. 1970లలో చర్చి నేల కింద తవ్వినప్పుడు చెదిరిన ఎముకలు దొరికాయి. హరాల్డ్ తన తండ్రి గోర్మ్‌ను పాత దిబ్బ నుంచి తీసి కొత్త చర్చిలో పూడ్చాడని ఒక వాదన. చనిపోయిన తరువాత తండ్రి మతాన్ని కొడుకు మార్చడమంటే ఏమిటో ఆ రెండు దిబ్బల మధ్య నిలబడి ఆలోచించండి.

ఖమ్మంవాసి
స్టాక్‌హోమ్ మ్యూజియంలో గార్నెట్లు పొదిగిన వస్తువులు ఏ గదిలో ఉన్నాయో తెలిసినవారు చెప్పండి. శాసనప్రియ గారు ఎంత వాదించినా ఆ రాళ్ల సంగతి నేను వదిలేది లేదు.